గోడ కోస్తే బండి మిగులుతుందా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల ముందు నుంచి మీరెప్పుడైనా నడిచి వెళ్ళారా? కంపెనీ నుంచి లారీ అక్కడికి దాదాపు అస్థిపంజరంలా వస్తుంది. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మీద ఇంజిను, కింద ఇరుసులు, చక్రాలు. దీన్నే ఛాసిస్ అంటారు. ఆ తర్వాత వడ్రంగి, వెల్డరు, పెయింటరు కలిసి దాని మీద తొట్టి కడతారు. బరువంతా మోసేది కింది దూలాలే. తొట్టి పాడైతే విప్పి పారేసి ఇంకొకటి కట్టుకోవచ్చు. లారీకి బాడీ మనిషికి చొక్కా లాంటిది.

చొక్కా మార్చినంత మాత్రాన మనిషికి ఏమీ కాదు. కాని పీత సంగతి వేరు. దానికి లోపల ఎముకలు లేవు, పైనున్న పెంకే ఎముక. ఆ పెంకులో కిటికీ కోస్తే?

పీతలాంటి వ్యాను ఒకటుంది. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ 1947 అక్టోబరులో ప్యారిస్ మోటారు ప్రదర్శనలో చూపించి, 1981 వరకూ తయారుచేసిన 'టైప్ హెచ్' సరుకుల వ్యాను అది. రొట్టెలవాళ్ళు, మాంసం కొట్లవాళ్ళు, జున్ను అమ్మేవాళ్ళు, పోస్టాఫీసువాళ్ళు, చివరికి పోలీసులు కూడా దాన్ని వాడారు. ముందుకు పొడుచుకొచ్చిన మూతి చూసి ఫ్రెంచివాళ్ళు ముద్దుగా 'పంది ముక్కు' అని పేరు పెట్టారు. ఇప్పుడు ఐరోపాలోనే కాదు, ఇంకా ఎన్నో దేశాల్లో ఔత్సాహికులు తుప్పు పట్టిన హెచ్ వ్యాన్లను కొని, బాగుచేసి, ఆపైన తమకు తోచినట్టు మార్చేస్తున్నారు. ఒకరు ఇంజిను తీసి బ్యాటరీలు పెడతారు. ఇంకొకరు పక్క గోడ కోసి కాఫీ కొట్టు తెరుస్తారు. మరొకరు నేలకు ఆనేంత కిందికి దించి, అద్దంలా మెరిసే రంగు కొడతారు.

ఒక కథనో బొమ్మనో విమర్శించినట్టే ఇలాంటి పనినీ విమర్శించవచ్చని నా అభిప్రాయం. కాని ఈ వాహనాల అభిమానుల మధ్య జరిగే తగాదాలు చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. ఇంజిను పాతదా కొత్తదా, రంగు అసలుదా కాదా అన్న దగ్గరే వాళ్ళు కొట్టుకుంటారు. గోడ కోయడాన్ని మాత్రం అలమర పెట్టుకోవడమంత మామూలు విషయంగా చూస్తారు. తగాదా పడవలసింది అక్కడే. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ గోడ చేసే పనేమిటో తెలుసుకోవాలి.

హెచ్ వ్యాను ఉన్నట్టుండి ఊడిపడలేదు. 1934లో సిట్రోయెన్ 'ట్రాక్షన్ అవాన్' అనే కారు తెచ్చింది. దానికి రెండు ప్రత్యేకతలు: ఇంజిను శక్తి ముందు చక్రాలకు అందుతుంది, విడిగా ఛాసిస్ లేకుండా బాడీయే బరువు మోస్తుంది. అదే సూత్రాన్ని సరుకుల బండికి వాడుతూ 1939లో కంపెనీ 'టి.యు.బి.' అనే చిన్న వ్యాను తయారుచేసింది. యుద్ధం వచ్చిపడింది. 1941లో ఉత్పత్తి ఆగిపోయేసరికి 1,700 పైచిలుకు బళ్ళు మాత్రమే తయారయ్యాయి. ఈ రోజు మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. యుద్ధం ముగిశాక దాని అనుభవంతో వచ్చిందే హెచ్. అది మాత్రం నాలుగు లక్షల డెబ్బై వేలకు పైగా తయారైంది. ఆ రోజుల్లో కంపెనీని నడిపినాయన పేరు పియేర్-జూల్ బులాంజే. ఫ్రెంచిలో బులాంజే అంటే రొట్టెలు కాల్చేవాడు. ఆయన హయాంలో రూపుదిద్దుకున్న బండి రొట్టెలవాళ్ళకు ఇష్టమైన బండి కావడం తమాషాగానే ఉంది.

వెనక చక్రాలను తిప్పే బండిలో ముందున్న ఇంజిను నుంచి వెనక ఇరుసు దాకా ఒక పొడుగాటి కడ్డీ తిరుగుతూ పోవాలి. దాని పైన నేల వేయాలంటే నేల ఎత్తుకు పోతుంది. హెచ్‌లో ఆ కడ్డీ లేదు, వెనక నడిపే ఇరుసూ లేదు. కాబట్టి సరుకుల నేల రోడ్డుకు ఒక మూర లోపు ఎత్తులోనే చదునుగా ఉంటుంది. పైకప్పు మాత్రం నిలువెత్తు మనిషి లోపల తల వంచకుండా తిరగగలిగేంత ఎత్తు. రోజుకు వందసార్లు ఎక్కి దిగే మనిషికి ఇది ఎంత మేలో బస్తాలు మోసినవాళ్ళను అడగండి. బస్తాను ఇంకో మూరెడు ఎత్తు లేపడమంటే ప్రతిసారీ అంత అదనపు పని, భౌతికశాస్త్రంలో చెప్పే అర్థంలోనూ, నడుము నొప్పి అర్థంలోనూ.

ఇక ఆ గోడల సంగతి. హెచ్ వ్యాను ఫొటో చూడగానే కొట్టొచ్చినట్టు కనిపించేది ఒంటి నిండా ఉన్న ముడతలు. మన సిమెంటు రేకుల ఇళ్ళ కప్పులాగా పక్క గోడల పొడవునా అడ్డంగా గీతలు గీతలుగా రేకు మడిచి ఉంటుంది. కొందరు దీన్ని అలంకారమనుకుంటారు. కాదు. యుద్ధం అయిపోయిన కొత్తలో ఉక్కు కరువు, పెద్ద పెద్ద అచ్చు యంత్రాలకూ కరువు. పల్చటి రేకుతోనే, మామూలు మడత యంత్రాలతోనే గట్టి గోడ తయారుచేయాలి. దానికి జవాబు ముడత.

మీరే చేసి చూడండి. నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చించి, రెండు పుస్తకాల మీద వంతెనలా పెట్టండి. తన బరువుకే కిందికి వాలిపోతుంది. ఇప్పుడు అదే కాగితాన్ని విసనకర్రలా ఒక్కో సెంటీమీటరు చొప్పున ముందుకొకటి, వెనక్కొకటి మడవండి. మడతలు ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకం వైపు పోయేలా పెట్టి, మీద రూపాయి నాణేలు ఒక్కొక్కటిగా పేర్చండి. ఎన్ని మోస్తుందో చూసి మీరే నవ్వుకుంటారు. కాగితం అదే, బరువు అదే. మరి మారిందేమిటి?

ఒక పలకను వంచితే పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది, సరిగ్గా మధ్యలో ఉన్న పదార్థానికి పెద్దగా పని ఉండదు. మధ్య గీతకు ఎంత దూరాన ఉంటే ఆ పదార్థం అంత బాగా ఎదిరిస్తుంది, అదీ దూరం వర్గానికి అనులోమంగా. చదును కాగితంలో మందమంతా కలిపి 0.1 మిల్లీమీటరు. మడిచిన కాగితంలో పదార్థం 10 మిల్లీమీటర్ల ఎత్తు మీద పరుచుకుని ఉంటుంది అనుకుందాం. నిష్పత్తి 100. దాని వర్గం 10,000. లెక్క ప్రకారం కాగితం పదివేల రెట్లు బిగుసుకోవాలి. నిజానికి మడతలు పక్కలకు విచ్చుకుపోతాయి కనుక అంత రాదు. విచ్చుకోకుండా రెండు చివరలా పట్టీ అంటిస్తే ఇంకా చాలా మోస్తుంది. ఈ పట్టీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకొక తమాషా. అదే కాగితాన్ని అడ్డంగా తిప్పి, మడతలు పుస్తకాలకు సమాంతరంగా వచ్చేలా పెడితే హార్మోనియం తిత్తిలా సాగి కూలిపోతుంది. ముడతకు దిక్కు ఉంటుంది. ఒక దిక్కున బలం, ఇంకో దిక్కున బలహీనత.

ఈ ఉపాయం సిట్రోయెన్‌వాళ్ళు కనిపెట్టింది కాదు. ముడతల ఇనుప రేకుకు లండన్‌లో హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లోనే పేటెంటు తీసుకున్నాడు. జర్మనీలో హ్యూగో యుంకర్స్ దాన్ని విమానాలకెక్కించాడు. 1919 నాటి ఎఫ్-13 ప్రయాణికుల విమానానికి ఒంటి నిండా ముడతల లోహపు చర్మమే. హెచ్ వ్యానుకు ప్రేరణ ఆ యుంకర్స్ విమానాలే. విమానానికి ముడతల వల్ల గాలి ఒరిపిడి పెరిగే చిక్కుంది. మెల్లగా వీధులు తిరిగే రొట్టెల బండికి ఆ చింత అక్కరలేదు. ఒక చోట లోపమైన లక్షణం ఇంకో చోట గుణం కావడం ఇంజనీరింగులో తరచుగా జరిగేదే.

ముడతల రేకులను, లోపలి పట్టీలను, నేలను స్పాట్ వెల్డింగుతో కలిపేస్తే ఒక పెట్టె తయారైంది. ఆ పెట్టే వ్యాను. నేలకూ దానికింది పెట్టె దూలాలకూ సొంత బలం కొంత ఉంది, అందువల్లే కంపెనీ ఇదే బండిని గోడలు లేని రకాల్లో కూడా అమ్మగలిగింది. కాని మూసిన వ్యానులో మెలిపెట్టే బలాన్ని ఎక్కువగా ఎదిరించేది గోడలు, కప్పు, నేల కలిసిన పెట్టె ఆకారమే. ఒక చెప్పుల అట్టపెట్టె తెచ్చి మూత చుట్టూ టేపు అంటించి, రెండు చేతులతో మెలిపెట్టండి. లొంగదు. ఇప్పుడు ఒక పొడుగు పక్కన పెద్ద కిటికీ కోసి మళ్ళీ మెలిపెట్టండి. తేడా మీ చేతికే తెలుస్తుంది. గతుకుల రోడ్డు మీద ఒక చక్రం గుంటలో పడ్డప్పుడల్లా బండికి జరిగేది ఈ మెలికే.

ఇప్పుడు మనవాళ్ళ పనితనాన్ని చూద్దాం. పునరుద్ధరణతోనే మొదలుపెడదాం. పాతబండిని బాగుచేయడం నిర్దోషమైన పని, మార్చడం దోషం అనే ఒక నమ్మకం ఉంది. అది సగమే నిజం. బాగుచేయడమూ ఒక రకం మార్పే, ఒక్కోసారి ఎక్కువ నష్టం కలిగించే మార్పు. బండి షెడ్డుకు రాగానే చేసే మొదటి పని ఇసుక ఊది పాత రంగంతా లేపేయడం. ఆ రంగులో ఏముంది? చాలా హెచ్ వ్యాన్లు కంపెనీ నుంచి వెలసినట్టుండే బూడిద రంగులో బయటికొచ్చాయి. కొన్న వర్తకుడు దాని మీద తన కొట్టు పేరు రాయించుకున్నాడు. అతను అమ్మేశాక రెండోవాడు దానిమీద ఇంకో రంగు వేశాడు. ఇలా పొరమీద పొర. మ్యూజియం నిపుణులు ఒక రూపాయి బిళ్ళంత చోట సన్నటి ఉప్పు కాగితంతో ఏటవాలుగా రుద్దితే, చెట్టు మొద్దులో వలయాల్లాగా రంగుల వలయాలు బయటపడతాయి. ఏ పొర మొదటిది, ఎన్నిసార్లు చేతులు మారింది, ఎక్కడ దెబ్బ తగిలి పుట్టీ పెట్టారు అన్నీ చదవవచ్చు. ఇసుక ఊదితే అరగంటలో ఆ చరిత్ర నేలమీద దుమ్ము. పైగా పల్చటి రేకు మీద గట్టిగా ఊదితే రేకు వంకర్లు పోతుంది. (పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఎవరైనా మీ ముందు పొడిగా రుద్దుతుంటే ఆ దుమ్ముకు దూరంగా ఉండండి.)

ఆ తర్వాత లప్పం పట్టించి, అయిదారు కోటింగులు వేసి, కంపెనీ గేటు దాటిన రోజున కూడా లేనంత మెరుపు తెస్తారు. బహుమతులు దీనికే వస్తాయి. పైన పటారం లోన లొటారం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. తుప్పు అసలు పుట్టేది రెండు రేకులు ఒకదానిమీద ఒకటి ఎక్కించి స్పాట్ వెల్డింగు చేసిన సందుల్లో. నీరు అక్కడికి దూరుతుంది, ఆరదు. కింది అంచు దూలాలు లోపలినుంచి తినేస్తుంది. మెరిసే గోడ కింద అవి బాగున్నాయా లేదా అన్నది పాకి చూసేవాడికే తెలుస్తుంది.

ఇంజిను మార్చినవాళ్ళ పట్ల నాకంత కోపం లేదు. హెచ్‌లో పెట్టిన పెట్రోలు ఇంజిను ట్రాక్షన్ అవాన్ కుటుంబానికి చెందిన 1911 సి.సి. నాలుగు సిలిండర్లది. మంచిదే, కాని ఈ బండి ఒక్కదానికే ఉన్న విశేషం కాదు. పైగా ఇంజిను బోల్టులు విప్పితే బయటికొచ్చే భాగం. తీసినదాన్ని గ్రీజు పూసి, గుడ్డ కప్పి, చీటీ కట్టి మూలన పెడితే రేపు ఎవరైనా తిరిగి బిగించవచ్చు. విద్యుత్ మోటారు పెట్టుకున్నా అంతే. లిథియం బ్యాటరీలు పాత సీసం-ఆమ్లం బ్యాటరీల కంటే అదే బరువుకు నాలుగైదు రెట్లు శక్తి నిలవచేస్తాయి కనుక ఇప్పుడది సాధ్యమైంది కూడా. చూసుకోవలసింది ఒకటి, బ్యాటరీలన్నీ వెనక నేల మీద పేర్చకూడదు. లాగేది ముందు చక్రాలు. వాటి మీద బరువు వాటా తగ్గితే ఎత్తెక్కేటప్పుడు జారి తిరుగుతాయి.

అయితే పెద్ద ఇంజిను పెట్టి, బండి ఇప్పుడు గంటకు 120 కి.మీ. పోతోందని మురిసిపోయేవాళ్ళను మాత్రం ఒక లెక్క అడగాలి. 80 నుంచి 120కి వేగం పెరిగితే ఒకటిన్నర రెట్లు. గతిజశక్తి దాని వర్గం, అంటే 2.25 రెట్లు. బ్రేకులు అంత వేడిని మింగాలి. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనంతో పెరుగుతుంది, అది మూడు రెట్లకు పైమాట. అటకలాంటి మొహమున్న బండికి ఎందుకీ పరుగు? బ్రేకులు మార్చకుండా ఇంజిను మార్చినవాడి పనిని కళ అనడానికి నాకు నోరు రాదు.

ఇక గోడ కోత. కాఫీ కొట్టు కోసం పక్క గోడలో రెండు మూడు మీటర్ల పొడవు, మీటరు ఎత్తు కోసి, కోసిన ముక్కను పైకి లేచే రెక్కగా బిగిస్తారు. అడ్డంగా సాగే ముడతలు ఇక్కడ అర్ధాంతరంగా తెగిపోతాయి. పెట్టెలో ఒక పక్క లేకుండా పోతుంది. తర్వాత లోపల ఫ్రిజ్జు, నీళ్ళ తొట్టి, కాఫీ యంత్రం చేరి బరువు పెరుగుతుంది. కొన్నాళ్ళకు తలుపు సరిగ్గా పడదు, ముందు అద్దం మూల నీళ్ళు కారతాయి, వెల్డింగు చుక్కలు ఒక్కొక్కటి వీడతాయి. యజమాని పాతబండి కదా అని సరిపెట్టుకుంటాడు. బండి పాతదవడం వల్ల కాదు, ఎముక విరిగినందువల్ల.

ఇక్కడ మీలో చురుకైనవాళ్ళు లేచి ఒక ప్రశ్న అడగాలి. ఫ్రాన్సులో ఆ రోజుల్లోనే జున్నువాళ్ళకూ మాంసంవాళ్ళకూ పక్క గోడ తెరుచుకునే సంత బళ్ళు ఉండేవి కదా, అవీ హెచ్‌లే కదా అని. న్యాయమైన ప్రశ్న, నా వాదనకు అన్నిటికంటే ఇబ్బందికరమైనది కూడా. నిజమే. బాడీలు కట్టే కంపెనీలు అనేకం హెచ్‌ను సంచార దుకాణంగా మార్చి అమ్మాయి. నిక్కచ్చిగా మాట్లాడితే, కాఫీ అమ్ముతూ వీధిలో నిలబడ్డ హెచ్ తన పుట్టుకకు దగ్గరగానే ఉంది. మెరుపు రంగుతో హాల్లో తాడు కట్టి నిలబెట్టిన హెచ్ కంటే దగ్గరగా ఉంది.

కాని ఆ బాడీ కట్టేవాళ్ళు చేసింది గోడలో బెజ్జం పెట్టడం కాదు. తెరిచిన చోటు చుట్టూ బలమైన చట్రం ఉండేలా బాడీని కట్టారు. పోయిన బలాన్ని ఇంకోదారిన తిరిగి తెచ్చారు. మన కాగితానికి చివర పట్టీ అంటించినట్టు. రెండోది, అప్పుడు హెచ్ ఏటా వేలల్లో తయారవుతున్న సరుకు. ఇప్పుడు మార్చని వ్యాను ఒకటి కోస్తే అలాంటిది ఒకటి తగ్గుతుంది, కొత్తది పుట్టదు. టి.యు.బి. లాంటిదాన్ని కోశారనుకోండి, మిగిలినవాటిలో చెప్పుకోదగ్గ వాటా పోయినట్టే. కాబట్టి కోయడం పాపమని నేననను. ఏ బండిని కోస్తున్నారు, చట్రం పెట్టారా, తీసిన రేకును ఏం చేశారు, కోయకముందు కొలతలు ఫొటోలు తీశారా అని అడుగుతాను. ఈ ప్రశ్నలకు జవాబున్న కాఫీ బండి ఎదుట టోపీ తీస్తాను.

సమూలంగా మార్చడమే మహాకళగా చెప్పుకునే ఉదాహరణ అమెరికాలో ఉంది. డాడ్జ్ కంపెనీ ఎ-100 అనే పెట్టె మొహం బండిని వ్యానుగా, పికప్ లారీగా అమ్మేది. డెట్రాయిట్‌లో అలెగ్జాండర్ సోదరులు, హ్యారీ బెంట్లీ బ్రాడ్లీ గీసిన నమూనా ప్రకారం, 1965 నాటి ఒక పికప్‌ను 'డియోరా' అనే వింతవాహనంగా మలిచారు. పక్క తలుపులు లేవు. ముందు అద్దం పైకి లేస్తే మొహంలోంచి లోపలికి ఎక్కాలి. ఆ అద్దం ఒక ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్ వెనక అద్దం. ఇంజినును పదిహేను అంగుళాలు వెనక్కి, సరుకు పెట్టే చోటులోకి నెట్టారు. 1967లో డెట్రాయిట్ ఆటోరామా ప్రదర్శనలో దానికి రిడ్లర్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది పిల్లల హాట్ వీల్స్ బొమ్మకారుగానూ వచ్చింది.

డియోరా అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. బియ్యపు బస్తా ఎక్కించడానికి మాత్రం పనికిరాదు. అయినా దాన్ని తప్పుపట్టను. అది కోసింది అప్పుడే మార్కెట్టులో దొరుకుతున్న కొత్త బండిని. ఒక జాతి అంతరించిపోలేదు. పైగా విచిత్రమేమిటంటే, మూడు దశాబ్దాల తర్వాత డియోరాను పునరుద్ధరించినప్పుడు దాన్ని 1965 పికప్‌గా మార్చలేదు, 1967 డియోరాగానే నిలిపారు. మార్పే అసలు రూపమై కూర్చుంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటి. 2017లో, హెచ్‌కు డెబ్బయ్యేళ్ళు నిండిన సందర్భంలో, ఇటలీలో డేవిడ్ ఒబెన్‌డార్ఫర్ గీసిన నమూనాతో కసెలానీ సంస్థ ఫైబర్‌గ్లాస్ పలకలు తయారుచేసింది. వాటిని నేటి సిట్రోయెన్ జంపర్ వ్యానుకు తొడిగితే పాత హెచ్‌లా కనిపిస్తుంది. ముడతలతో సహా. ఆ ముడతలు పలక లటలట కొట్టుకోకుండా ఆపుతాయి కావచ్చు, బండిని మోయవు. మోసేది లోపలి జంపర్ ఉక్కు. ముడతకు అర్థం పోయి ఆకారం మిగిలింది. మొదట చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఎవరికీ అపకారం చేయని పని ఇదే అనిపించింది. పాత మొహంతో కాఫీ అమ్ముకోవాలనుకునే మనిషికి ఇది చాలు. ఒక్క అసలు హెచ్ కూడా రంపం కింద పడనక్కరలేదు.

'మిళింద పన్హ' అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడు రాజును రథమంటే ఏమిటని అడుగుతాడు. ఇరుసా, చక్రమా, నొగలా? ఏ ఒక్కటీ కాదు, వీటి కూడికకు పెట్టిన పేరు అది. వేదాంతానికి ఆ జవాబు సరిపోవచ్చు. మెకానిక్కుకు సరిపోదు. అతనికి అన్ని భాగాలూ ఒకటి కావు, కొన్ని తిరిగి దొరుకుతాయి, కొన్ని దొరకవు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీవా 2013లో ఆమోదించిన టూరిన్ ఒడంబడిక ఈ తేడాను గుర్తించింది. కాలానికి చెందని మార్పులు చేయక తప్పకపోతే అవి వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలని, అసలు నిర్మాణంలోకి చొరబడకూడదని, తీసిన ముఖ్య భాగాలు బండితోనే ఉంచాలని చెబుతుంది. చట్టం కాదు, సలహా మాత్రమే.

మన దేశంలో ఉన్నది చట్టమే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన ప్రాథమిక వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే సమర్థించింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజినులో గాని పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. నంబరు పలక మీద 'వి.ఎ.' అనే అక్షరాలు వస్తాయి. చదవడానికి బాగానే ఉంది. కాని ఆ నియమాలు వర్తించేది ద్విచక్ర వాహనాలకు, సొంతానికి వాడే ప్రయాణికుల కార్లకు. సరుకుల వాహనాలు ఆ నిర్వచనంలోకి రావు. నవాబుగారి కారుకు 'వి.ఎ.' ఉంది, పాల వ్యానుకు లేదు.

ఎవరూ దాచని వాహనాలు ఇవే. నా చిన్నప్పుడు మా వీధికి సాయంత్రం అయిదు గంటలకు రొట్టెల బండి వచ్చేది. వెనక తలుపు తీయగానే వచ్చే వాసన ఇప్పటికీ గుర్తుంది. అది ఏ కంపెనీదో, గోడలు రేకువో చెక్కవో ఎంత ఆలోచించినా చెప్పలేను. దాని ముందు నిలబడి ఎవరూ ఫొటో దిగలేదు. దొరగారి కారు ముందు దిగారు. మీ ఊళ్ళో పాత ఐస్ బండో, సోడా వ్యానో ఎవరి దొడ్లోనైనా మిగిలి ఉంటే, పాత ఇనుముకు పోకముందే ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్ళండి. నేల ఎత్తెంత, గోడ రేకుకు ముడత ఉందా, కింద దూలాలున్నాయా లేక పెట్టే మోస్తోందా, రంగు పొరలు ఎన్ని రాసుకోండి.

ఎప్పుడైనా కాఫీ కొట్టుగా మారిన హెచ్ వ్యాను మీ కంటబడితే, ఫొటోలోనైనా సరే, కప్పు వైపు చూడకండి, కోసిన కిటికీ మూలలు చూడండి. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలో ఎందుకు విచ్చిపోయాయో ఫార్న్‌బరోలో పరిశోధించినవాళ్ళు, లోహపు అలసట వల్ల వచ్చిన పగుళ్ళు చర్మంలోని కోతల మూలల దగ్గర మొదలైనట్టు కనుక్కున్నారు. మూల ఎంత పదునుగా ఉంటే బలమంతా అక్కడ అంతగా పోగవుతుంది. గుండ్రంగా తిప్పిన మూల, దాని చుట్టూ లోపలివైపు ఒక చట్రం ఉంటే కోసినవాడికి సంగతి తెలుసు. చతురస్రంగా, చట్రం లేకుండా, మూలనుంచి సన్నటి వెంట్రుకలాంటి గీత ఒకటి ముడతల మీదుగా పైకి పాకుతూ కనిపిస్తే, ఆ గీత ఎక్కడిదాకా పోయిందో చూడండి.